పారిస్‌లో చిన్న బిస్ట్రోకి భోజనానికి వెళ్తున్నారా? బుకింగ్ నుంచి బిల్లు దాకా

పారిస్ వెళ్ళేవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "చిన్న బిస్ట్రోలో కూర్చుని నిదానంగా భోంచేయాలని ఉంది. కానీ లోపలికి అడుగు పెట్టాలంటేనే టెన్షన్. ఏం మాట్లాడాలి? ఏది తినొచ్చో ఎలా తెలుస్తుంది?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే మొత్తం వరసగా ఒకచోట రాస్తే మేలనిపించింది.

బిస్ట్రోలో, అంటే అక్కడి చిన్న భోజనశాలలో, ఇబ్బంది పడ్డామని ఎవరు చెప్పినా, అడిగి చూస్తే కారణం రెండిట్లో ఒకటి అవుతోంది. పలకరించకుండా లోపలికి వెళ్ళి కూర్చోవడం ఒకటి. తెలిసిన మాటే కదా అనుకుని ఆర్డర్ ఇచ్చేయడం రెండోది. మెను, ఆంత్రే, దెమీ... ఇవన్నీ మనం ఎక్కడో విన్నట్టే ఉంటాయి, అక్కడ అర్థం వేరు. అందుకే ఈ మార్గదర్శిలో 4, 5, 6 భాగాలు కాస్త పెద్దవి. తొందరలో ఉంటే ముందు అవి చదవండి.

1. వెళ్ళేది బిస్ట్రోకేనా, చూసుకోండి

బిస్ట్రో అంటే చిన్న గది, దగ్గర దగ్గరగా వేసిన బల్లలు, ఒకరో ఇద్దరో వడ్డించేవాళ్ళు, ఆ రోజు వండినవే రాసి పెట్టిన చిన్న జాబితా. బ్రాసెరీ అంటే ఇంకా పెద్దది. చాలా బ్రాసెరీల్లో మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఆపకుండా వడ్డిస్తారు. బుయ్యోఁ అనేవి తక్కువ ధరకి వేగంగా భోజనం పెట్టే పెద్ద హాళ్ళు. గ్రాఁ బూల్‌వార్ ప్రాంతంలోని బుయ్యోఁ షార్తియే ఇలాంటిదే. అక్కడ బుకింగ్ ఉండదు, క్యూలో నిలబడాలి. బిస్ట్రోలో చోటు దొరకని రోజు ఇది గుర్తుంచుకోండి.

ధరలు బయటి నుంచే కనిపించేలా పెట్టాలన్నది అక్కడి చట్టం. కాబట్టి తలుపు దగ్గర నిలబడి చదవడానికి మొహమాటపడనక్కర్లేదు, అందరూ అదే చేస్తారు. చదివేటప్పుడు ఇవి చూడండి:

- మొదటి వంటకాలు నాలుగైదు, ప్రధాన వంటకాలు నాలుగైదు ఉంటే మంచి గుర్తు. చిన్న వంటగదిలో నలభై రకాలు తాజాగా వండడం కుదరని పని.
- చేత్తో రాసిన పలక ఉంటే జాబితా రోజూ మారుతోందన్నమాట.
- మూకుడు మీద ఇంటి కప్పు ఉన్న చిన్న బొమ్మ కనిపిస్తే "ఫే మేజోఁ" అని అర్థం. పచ్చి సరుకు తెచ్చి అక్కడే వండిన వంటకం అని చెప్పే ఈ గుర్తు 2014లో వచ్చింది.
- ఆరు భాషల్లో ఫోటోలతో వంటకాల జాబితా అట్ట, గుమ్మం దగ్గర నిలబడి లోపలికి పిలిచే మనిషి ఉంటే నేనైతే ముందుకు నడిచేస్తాను.

2. వేళ, బుకింగ్

వంటగది రోజంతా నడవదు. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా, రాత్రి 7 లేదా 7:30 నుంచి సుమారు 10 దాకా. మూడింటికి ఆకలేసి వెళ్తే తలుపు తెరిచి ఉన్నా కాఫీ మాత్రమే దొరకొచ్చు. చాలా బిస్ట్రోలకి ఆది, సోమవారాలు సెలవు. కొన్నిటికి శని, ఆదివారాలు. ఆగస్టులో చాలా చోట్ల రెండు మూడు వారాలు పూర్తిగా మూసేస్తారు. మీ ప్రయాణం ఆగస్టులో అయితే తెరిచి ఉందో లేదో ముందు కనుక్కోండి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నా సలహా, మధ్యాహ్న భోజనంతో మొదలుపెట్టండి. అదే వంటగది, అదే వంట, ధర తక్కువ. రెండు వంటకాల సెట్ సుమారు 20 నుంచి 30 యూరోల్లో వస్తుంది. రాత్రి మూడు వంటకాలు తింటే, డ్రింక్స్ కాకుండా, మనిషికి 40 నుంచి 60 యూరోలు అవుతుందని లెక్కేసుకోండి.

ముప్పై కుర్చీలున్న గదిలో రాత్రిపూట బుకింగ్ లేకుండా చోటు దొరకడం అదృష్టం మీదే ఆధారపడుతుంది. మామూలు చోటికి రెండు మూడు రోజుల ముందు, పేరున్న చోటికి రెండు మూడు వారాల ముందు బుక్ చేయండి. ఆన్‌లైన్ సదుపాయం లేకపోతే ఫోన్ చేయాలి. ఫోన్‌లో చెప్పాల్సింది నాలుగే విషయాలు: రోజు, వేళ, ఎంతమంది, పేరు. వేళని 24 గంటల లెక్కలో చెప్పండి, రాత్రి ఎనిమిది అంటే 20. ఫోన్‌లో మాట్లాడడం కష్టమనిపిస్తే హోటల్ రిసెప్షన్‌లో అడగండి, చేసిపెడతారు. లేదా ఉదయం పదకొండున్నర ప్రాంతంలో స్వయంగా వెళ్ళి అడగండి, అప్పుడు వాళ్ళకి కాస్త తీరిక ఉంటుంది.

బుక్ చేసేటప్పుడే రెండు విషయాలు తేల్చుకోవాలి. కొన్ని చోట్ల రాత్రికి రెండు విడతలు నడుస్తాయి, ఏడింటికి ఒకటి, తొమ్మిదింటికి ఒకటి. మొదటి విడతలో కూర్చుంటే తొమ్మిదికల్లా లేవాలి. తీరిగ్గా కూర్చోవాలనుకుంటే రెండో విడత అడగండి. ఇక రెండో విషయం, కొన్ని చోట్ల కార్డు వివరాలు తీసుకుంటారు. చెప్పకుండా రాకపోతే మనిషికి ఇంత అని కోస్తారు. ఆ మొత్తం ఎంతో చదివాకే ఒప్పుకోండి.

3. బయలుదేరే ముందు

- బిస్ట్రో చిరునామా సరిచూసుకున్నారా, ఆ రోజు తెరిచి ఉందా?
- పెద్ద సూట్‌కేసు, స్ట్రోలర్ వెంట ఉన్నాయా? బల్లల మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత చోటే ఉంటుంది. వాటిని గదిలో వదిలి వెళ్ళండి.
- తినని పదార్థాల పేర్లు ఫ్రెంచ్‌లో ఒక కాగితం మీద రాసుకున్నారా?
- రాత్రి భోజనానికి రెండు గంటలు, మధ్యాహ్నానికి గంటన్నర కేటాయించారా? ఎనిమిదింటికి బల్ల, తొమ్మిదింటికి నాటకం టికెట్టు పెట్టుకుంటే రెండూ పాడవుతాయి.
- వెంట పెద్దవాళ్ళు ఉన్నారా? చాలా చోట్ల టాయిలెట్ కింది అంతస్తులో, ఇరుకైన మెలికల మెట్ల కింద ఉంటుంది. బుక్ చేసేటప్పుడే అడిగి తెలుసుకోండి.

బట్టల గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. శుభ్రంగా, నీటుగా ఉంటే చాలు. టై, సూటు అవసరం లేదు.

4. గుమ్మం నుంచి కుర్చీ దాకా

ఈ ఒక్క నిమిషం మీద మిగతా రెండు గంటలు ఆధారపడి ఉంటాయి. ఇది నేను గట్టిగా నమ్మే మాట. ఫ్రాన్స్‌లో దుకాణమైనా, బిస్ట్రో అయినా లోపలికి అడుగు పెట్టినవాళ్ళే ముందు పలకరించాలి. పలకరింపు లేకుండా నేరుగా "ఇద్దరికి టేబుల్ ఉందా" అని అడిగితే వాళ్ళకి అది మోటుగా వినిపిస్తుంది. ఆ తర్వాత వాళ్ళు ముక్తసరిగా ఉంటే "ఫ్రెంచ్‌వాళ్ళకి పొగరు" అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం ఈ ఒక్క మాట లోపించడమే.

వరస ఇలా ఉండాలి:

ఒకటి. తలుపు లోపల రెండడుగులు వేసి ఆగండి. ఖాళీ కుర్చీ కనిపించినా వెళ్ళి కూర్చోకండి.

రెండు. ఎవరి కళ్ళయినా మీ వైపు తిరిగాక పగలైతే "బోన్‌జూర్", సాయంత్రమైతే "బోన్‌సువార్" అనండి. వెంట ఆడవాళ్ళయితే "మదామ్", మగవాళ్ళయితే "మెస్యూ" చేర్చండి. వాళ్ళ చేతిలో నాలుగు ప్లేట్లు ఉండి, కళ్ళతోనే ఆగమంటే ఆగండి. మిమ్మల్ని చూశారు కాబట్టి మర్చిపోరు.

మూడు. బుకింగ్ ఉంటే పేరు చెప్పండి. లేకపోతే ఎంతమందో వేళ్ళతో చూపిస్తూ అడగండి.

నాలుగు. చూపించిన చోట కూర్చోండి. నచ్చకపోతే, వేరే బల్ల ఖాళీగా ఉంటే, మర్యాదగా అడగొచ్చు. కానీ ముగ్గురు, నలుగురు కూర్చునే బల్ల ఇద్దరికి ఇవ్వమంటే ఇవ్వరు, ఇరవై ముప్పై కుర్చీల చోట వాళ్ళకి అది కుదరదు.

గోడ వెంట కూర్చోవడానికి పొడుగాటి మెత్తటి బెంచీ ఉంటుంది. అక్కడ మీకు చోటిస్తే చొరబడడానికి దారి కనిపించదు. కంగారు పడి పక్కవాళ్ళ గ్లాసుల మీదుగా వెళ్ళకండి. వడ్డించే ఆవిడే వచ్చి మీ బల్లని సొరుగులా ముందుకి లాగుతుంది. మీరు లోపలికి వెళ్ళి కూర్చున్నాక మళ్ళీ తోసేస్తుంది. మధ్యలో లేవాలన్నా అంతే, పిలిస్తే లాగుతారు.

పక్క బల్ల జానెడు దూరంలో ఉంటుంది. కూర్చుంటూ వాళ్ళకీ చిన్నగా "బోన్‌సువార్" చెప్తే బాగుంటుంది. గొంతు మీ బల్ల దాటకుండా చూసుకోండి. ఫోన్ స్పీకర్‌లో మాట్లాడడం ఆ గదిలో అందరికీ ఇబ్బంది.

రోడ్డు మీద వేసిన బల్లలు అందంగా ఉంటాయి కానీ ఒక సంగతి గుర్తుంచుకోండి. రెస్టారెంట్ల లోపల పొగతాగడం 2008 జనవరి నుంచి నిషేధం, బయట బల్లల దగ్గర తాగుతారు. పొగ పడనివాళ్ళు, పిల్లలున్నవాళ్ళు లోపలే అడగండి.

5. పలక చదవడం: తెలిసినట్టే ఉండి మోసం చేసే మాటలు

చాలా చోట్ల అట్ట ఇవ్వరు. పెద్ద నల్లపలక మోసుకొచ్చి మీ ఎదురుగా ఒక కుర్చీ మీద ఆనించి వెళ్తారు. సుద్దముక్కతో రాసిన గొలుసుకట్టు రాతని ఫోన్ కెమెరా అనువాదం సరిగ్గా పట్టుకోలేదు. అందుకే ఈ మాటలు ముందే చదివి పెట్టుకోండి.

- కార్త్: మనం మెను అని పిలిచే జాబితా ఇదే. చూడాలంటే "లా కార్త్" అడగండి.
- మెను: నిర్ణీత ధరకి రెండు మూడు వంటకాలు కలిపి ఇచ్చే సెట్. "మెను కావాలి" అంటే సెట్ భోజనం కావాలేమో అనుకునే అవకాశం ఉంది.
- ఫోర్ముల్: మెనూకి చిన్న రూపం. మొదటి వంటకం, ప్రధాన వంటకం కలిపి ఒక ధర, లేదా ప్రధాన వంటకం, డెజర్ట్ కలిపి ఒక ధర.
- ఆంత్రే: మొదట తినే చిన్న వంటకం. అమెరికాలో ఇదే మాట ప్రధాన వంటకానికి వాడతారు, అక్కడి నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ప్రధాన వంటకాన్ని "ప్లా" అంటారు.
- ప్లా ద్యు జూర్: ఆ రోజు ప్రత్యేకంగా వండినది. త్వరగా వస్తుంది, అయిపోతుంది కూడా.
- సుప్లెమాఁ: సెట్‌లో ఆ వంటకం తీసుకుంటే అదనంగా ఇన్ని యూరోలు అని.
- దెమీ: బీరు విషయంలో పావు లీటరు గ్లాసు. కూజాలో వైన్ అడిగినప్పుడు అర లీటరు. పావు లీటరు వైన్‌ని "కార్" అంటారు.
- సూరి దాన్యో: "సూరి" అంటే ఎలుక. భయపడకండి, ఇది గొర్రెపిల్ల కాలి పిక్క మాంసం, గంటల తరబడి ఉడికిస్తారు.
- తార్తార్: పూర్తిగా పచ్చిది. గొడ్డుమాంసం కావచ్చు, చేప కావచ్చు.
- ఆండుయెత్: పంది పేగులతో చేసే సాసేజ్. వాసన చాలా ఘాటు. మామూలు సాసేజ్ అనుకుని తెప్పించుకుంటే తినడం కష్టం.

ఇంకొకటి విడిగా చెప్పాలి, "రీ". అన్నానికీ అదే ఉచ్చారణ, దూడ మెడ దగ్గరి గ్రంథికీ అదే ఉచ్చారణ. రాతలో చివరి అక్షరం ఒక్కటే తేడా. చివర జెడ్ ఉంటే అన్నం, ఎస్ ఉంటే గ్రంథి. ఒకసారి మా బల్ల దగ్గర ఒక స్నేహితురాలు "రీ ద వో" అని విని, కూరతో అన్నం అనుకుని ఆర్డర్ ఇచ్చింది. వెన్నలో ఎర్రగా వేయించిన ముద్దలు వచ్చాయి. ఫోర్క్‌తో విడదీస్తే లోపల పాలతెలుపు, జున్నంత మెత్తదనం. దూడమాంసం తినని మనిషి, అదేమిటో తెలిశాక ఇంక ముట్టుకోలేకపోయింది. వేరే తెప్పించుకున్నాం. బిల్లులో రెండూ పడ్డాయి, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. అప్పటి నుంచి పలకమీద అర్థం కాని మాట ఒక్కటి ఉన్నా వేలు పెట్టి చూపించి అడుగుతున్నాను. "సే క్వా, సా?" అంటే "ఇదేమిటి?" అని. ఏ జంతువు, ఏ భాగం, ఎలా వండారు అన్నీ ఓపిగ్గా చెప్తారు. అడిగినందుకు ఎవరూ చిన్నచూపు చూడరు.

6. మీరు తిననివి ఉంటే

ఆర్డర్ ఇచ్చాక కాదు, ఇచ్చే ముందు చెప్పండి. వీలైతే బుకింగ్‌లోనే చెప్పండి. చిన్న వంటగదిలో పులుసులూ, సాస్‌లూ ఉదయమే తయారై ఉంటాయి. అప్పటికప్పుడు మార్చడం వాళ్ళ చేతిలో ఉండదు.

గొడ్డుమాంసం, దూడమాంసం తినకపోతే వీటిని గుర్తుపట్టండి: బెఫ్, వో, ఆంత్రకోత్, ఓంగ్లే, బావెత్, పోతోఫ, బ్లాంకెత్. పార్మాంతియే మీద బంగాళదుంప ముద్ద కనిపించినా కింద మాంసం ఉంటుంది. పలకమీద పేరు పక్కన జంతువు పేరు లేకుండా "పావే" (మందపాటి ముక్క) అని మాత్రమే ఉంటే అది చేపో, గొడ్డుమాంసమో అడగాలి.

పంది మాంసం తినకపోతే: పోర్, జాంబోఁ, లార్దోఁ, రియెత్, బుదాఁ, సోసిసోఁ. ఇందులో లార్దోఁతో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. అవి చిన్న చిన్న ముక్కలు, సలాడ్లలో, పప్పుదినుసుల్లో, కోడికూరలో చెప్పకుండానే చేరిపోతాయి.

కోడి "పూలే" లేదా "వొలాయ్", బాతు "కనార్", గొర్రెపిల్ల "అన్యో", కుందేలు "లాపాఁ". చేపల్లో "కబియో", "సోమోఁ", "బార్" తరచూ కనిపిస్తాయి.

శాకాహారులకి బిస్ట్రో కాస్త కష్టమే, దాచడం ఎందుకు. కానీ దారి ఉంది. "నేను వెజిటేరియన్" అని ఊరుకుంటే చేప పెట్టొచ్చు. "మాంసం వద్దు, చేప వద్దు, మాంసం ఉడికించిన నీళ్ళు కూడా వద్దు" అని మూడూ విడిగా చెప్పాలి. ఉల్లిపాయ సూప్ కూరగాయల సూప్‌లా కనిపిస్తుంది, సాధారణంగా గొడ్డుమాంసం రసంతోనే చేస్తారు. బంగాళదుంప వేపుడు కొన్ని చోట్ల గొడ్డు కొవ్వులో వేయిస్తారు. చాలా చీజ్‌లలో పాలు విరగడానికి దూడ పొట్ట నుంచి తీసిన పదార్థం వాడతారు. పట్టింపు ఎంతవరకో మీరే నిర్ణయించుకోండి, తెలిసి నిర్ణయించుకోవడం మంచిది.

అడిగి తినదగ్గవి:

- పుఆరో వినెగ్రెత్: ఉడికించిన లీక్స్ (పెద్ద ఉల్లికాడల్లాంటివి), ఆవపిండి కలిపిన పుల్లటి డ్రెసింగ్‌తో. మాంసం ముక్కలు చల్లారేమో అడగండి.
- మేక పాల చీజ్ వేడి చేసి రొట్టె మీద పెట్టి ఇచ్చే సలాడ్. "లార్దోఁ లేకుండా" అని చెప్పండి.
- గ్రాతాఁ దోఫినువా: పాలు, మీగడలో ఉడికిన బంగాళదుంప పొరలు. సైడ్ డిష్‌గా ఇస్తారు, పెద్ద ప్లేటుగా ఇవ్వమని అడగొచ్చు.
- గుడ్డు తింటే ఆమ్లెట్, లేదా "ఎఫ్ మాయో", అంటే ఉడికించిన గుడ్డు మీద మయొనైజ్.

ఇంకో హెచ్చరిక. మయొనైజ్‌లో, చాక్లెట్ మూస్‌లో పచ్చి గుడ్డు ఉంటుంది. గర్భిణులు తప్పకుండా అడిగి తినాలి. మద్యం ముట్టనివాళ్ళు సాస్ పేరులో "వాఁ" ఉందేమో చూడండి, అది వైన్. బాబా ఓ రోమ్ అనే డెజర్ట్ రమ్‌లోనే నానుతుంది.

అలర్జీ ఉంటే మొహమాటం వద్దు. యూరోపియన్ యూనియన్ నియమాల ప్రకారం 14 రకాల అలర్జీ పదార్థాల సమాచారం వాళ్ళ దగ్గర ఉండాలి. "జ సుయీ అలెర్జిక్" అని చెప్పి పదార్థం పేరు రాసిన కాగితం చూపించండి, అది వంటగదిలోకి వెళ్ళేలా చూడండి.

7. ఆర్డర్ ఇచ్చే వరస

ముందుగా అపెరితీఫ్ ఏమైనా కావాలా అని అడుగుతారు. అది భోజనానికి ముందు తాగేది, తప్పనిసరి కాదు. మద్యం వద్దనుకుంటే సిరప్ కలిపిన నీళ్ళు, లేదా అదే సిరప్ తియ్యటి నిమ్మ సోడాతో కలిపిన "దియాబోలో" అడగొచ్చు. ఏమీ వద్దంటే నవ్వుతూ "నోఁ, మెర్సీ" అనండి.

నీళ్ళ దగ్గర జాగ్రత్త. "మామూలుదా, గ్యాస్ ఉన్నదా?" అని అడిగితే అది డబ్బులిచ్చి కొనే సీసా గురించి. ఉచితంగా ఇచ్చే కుళాయి నీళ్ళు కావాలంటే "ఉన్ కరాఫ్ దో, సిల్ వు ప్లే" అనండి. భోజనం చేసేవాళ్ళకి అది ఇవ్వాల్సిందే, ఉచితమని రాసి పెట్టాలన్న నియమం 2022 నుంచి ఉంది. పారిస్ కుళాయి నీళ్ళు నిశ్చింతగా తాగొచ్చు.

నిర్ణయించుకున్నాక అట్ట మూసి బల్ల మీద పెట్టండి. తెరిచి పట్టుకుని ఉంటే ఇంకా చూస్తున్నారనుకుని రారు. మొదటి వంటకం, ప్రధాన వంటకం ఒకేసారి చెప్పాలి. డెజర్ట్ తర్వాత అడుగుతారు. అయితే సూఫ్లే, వేడి చాక్లెట్ కేక్ లాంటివి అప్పుడే చేసేవి కాబట్టి, "భోజనం మొదట్లోనే చెప్పాలి" అని పలకమీద రాసి ఉంటే వాటిని కూడా ముందే చెప్పండి.

మాంసం ఎంత ఉడకాలో అడుగుతారు. "బ్లె" దాదాపు పచ్చి, "సెన్యాఁ" లోపల రక్తపు రంగు, "ఆ ప్వాఁ" లోపల గులాబి రంగు, "బ్యాఁ క్యుయీ" బాగా ఉడికినది. ఆ ప్వాఁ అంటే మనం ఊహించే మీడియం కంటే పచ్చిగానే ఉంటుంది. ఎరుపు చూడలేనివాళ్ళు సందేహించకుండా బ్యాఁ క్యుయీ చెప్పండి. బాతు, గొర్రె కూడా చెప్పకపోతే గులాబి రంగులోనే వస్తాయి. కోడికి ఈ బెంగ లేదు.

ఇద్దరూ ఒక్క ప్లా పంచుకుంటామంటే చిన్న చోట్ల ఇష్టపడరు. ఒక మొదటి వంటకం, ఒక డెజర్ట్ పంచుకోవడం మాత్రం మామూలే.

8. తినేటప్పుడు

రొట్టె బుట్ట వస్తుంది, దానికి డబ్బు తీసుకోరు. దానికి విడి ప్లేటు ఉండదు, ముక్క తుంచి బల్ల మీదే ప్లేటు పక్కన పెట్టుకోవాలి. వెన్న సాధారణంగా ఇవ్వరు. చాకుతో కోయకుండా చేత్తో తుంచుకోండి. ప్లేటులో మిగిలిన సాస్‌ని రొట్టెతో తుడిచి తినడం బిస్ట్రోలో తప్పు కాదు, నాకైతే భోజనంలో చాలా ఇష్టమైన భాగం అదే.

ఇంకా రొట్టె కావాలా అని అడిగినప్పుడు వట్టి "మెర్సీ" అంటే వద్దని అర్థం చేసుకుని వెళ్ళిపోతారు. కావాలంటే "వీ, వొలోంత్యే" అనండి.

తింటూ మధ్యలో ఆగితే చాకు, ఫోర్క్ విడివిడిగా ఉంచండి. అయిపోతే రెండూ పక్కపక్కన ప్లేటులో పెట్టండి, తీసేస్తారు. పిలవాలంటే చెయ్యి కొద్దిగా ఎత్తి, కళ్ళు కలిశాక "సిల్ వు ప్లే" అంటే చాలు. చిటికెలు వేయకండి, "గార్సోఁ" అని పిలవకండి.

9. చీజ్, డెజర్ట్, కాఫీ

చీజ్ ప్రధాన వంటకం తర్వాత, డెజర్ట్‌కి ముందు వస్తుంది. ముక్కోణం ముక్క ఇస్తే కొన మాత్రమే కోసుకోకండి, పొడుగునా సన్నగా కోయండి. మధ్యభాగం అందరికీ సమంగా వస్తుంది.

కాఫీ డెజర్ట్‌తో కాదు, డెజర్ట్ అయ్యాక. "అఁ కాఫే" అంటే చిన్న కప్పులో చిక్కటి ఎస్‌ప్రెసో. కొంచెం పాలు కావాలంటే "నుఆజెత్" అడగండి. పొట్ట నిండిపోయి కొద్దిగా తీపి మాత్రం చాలనుకునేవాళ్ళకి "కాఫే గుర్మాఁ" మంచిది, కాఫీతో పాటు మూడు నాలుగు బుల్లి డెజర్ట్‌లు వస్తాయి. కొత్తవాళ్ళకి నేను ముందు ఇదే చెప్తాను, ఒకేసారి అన్నీ రుచి చూడొచ్చు.

10. బిల్లు, టిప్పు

అడగకుండా బిల్లు తేరు. మిమ్మల్ని లేవగొడుతున్నట్టు అవుతుందని వాళ్ళ భావన. అరగంట ఎదురుచూసి చిరాకు పడేవాళ్ళు ఎక్కువ. "లాదిస్యోఁ, సిల్ వు ప్లే" అంటే వస్తుంది.

పన్ను, సర్వీసు రెండూ రాసిన ధరలోనే కలిసి ఉంటాయి. టిప్పు మీ ఇష్టం. బాగా చూసుకున్నారనిపిస్తే ఒకటి రెండు యూరోలు, రాత్రి పెద్ద భోజనానికి ఇంకాస్త ఎక్కువ బల్ల మీద పెట్టండి. కార్డు మెషీన్‌లో టిప్పు శాతం అడిగినా, "సర్వీసు కలపలేదు" అని నోటితో చెప్పినా, వద్దని నొక్కే హక్కు మీకుంది.

కార్డు మెషీన్ బల్ల దగ్గరికే తెస్తారు. అంకె చూసి, ఆ తర్వాతే పిన్ నొక్కండి. సమానంగా పంచి కట్టడానికి ఒప్పుకుంటారు. ఆరుగురు ఆరు రకాలుగా లెక్కలు అడిగితే రద్దీలో కష్టం, ఒకరు కట్టి తర్వాత సర్దుకోండి.

11. తేడా వస్తే ఏం చేయాలి

మాంసం పచ్చిగా ఉంటే: రాగానే మధ్యలో కోసి చూడండి. "అఁ ప ప్ల్యు క్యుయీ, సిల్ వు ప్లే" అంటే ఇంకాస్త ఉడికించి తెస్తారు. సగం తిన్నాక అడగడం బాగోదు.

అడగనిది వస్తే: ముట్టుకోకముందే చెప్పండి. ముట్టుకున్నాక అది మీదే.

రుచి నచ్చకపోతే: అది తిరిగి ఇచ్చే కారణం కాదు. చెడిపోయినా, చల్లారిపోయినా తప్పకుండా చెప్పండి.

ఆలస్యమైతే: బుక్ చేసిన వేళకి పావుగంట దాటుతుందనుకుంటే ఫోన్ చేయండి. చెప్పకపోతే బల్ల వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది.

ఎక్కువైపోతే: కట్టి ఇమ్మని అడగండి. అడిగినవాళ్ళకి డబ్బా ఇవ్వాలన్న నియమం 2021 జులై నుంచి అమల్లో ఉంది. కడుపు నిండిందని చెప్పడానికి "జే బ్యాఁ మాంజే, మెర్సీ" అనండి, "బాగా తిన్నాను" అని అర్థం.

బిల్లులో తప్పుంటే: లేవకముందే వంటకం పేరు మీద వేలు పెట్టి చూపించండి. గొంతు పెంచక్కర్లేదు, సరిదిద్దుతారు.

12. జేబులో పెట్టుకెళ్ళాల్సిన కాగితం

- లోపలికి వెళ్తూ: బోన్‌సువార్, మదామ్ / మెస్యూ
- ఇద్దరికి బల్ల: యూన్ తాబ్ల్ పూర్ ద, సిల్ వు ప్లే
- ఇదేమిటి: సే క్వా, సా?
- పంది మాంసం తినను: జ న మాంజ్ పా ద పోర్
- గొడ్డుమాంసం తినను: జ న మాంజ్ పా ద బెఫ్
- మాంసం, చేప లేకుండా: సాఁ వ్యాండ్, సాఁ పువాసోఁ
- కుళాయి నీళ్ళు: ఉన్ కరాఫ్ దో
- టాయిలెట్ ఎక్కడ: లే తువాలెత్, సిల్ వు ప్లే?
- బిల్లు: లాదిస్యోఁ, సిల్ వు ప్లే
- బయటికి వస్తూ, వంటగది వైపు కూడా వినిపించేలా: మెర్సీ, ఓ రవార్, బోన్ సువారే